చాయ్ రాకముందే అడగాల్సిన మాట

కరీంనగర్,
సెప్టెంబరు 14.

ఆదిలాబాద్ సైంటిస్టమ్మకు,

నీతో ఫోనులో మాట్లాడి మాట్లాడి విసుగొచ్చి ఈ ఉత్తరం రాస్తున్నాను. ఫోనులో నీకు వచ్చినవి మూడే మాటలు. ఊఁ, సరే, చూద్దాం. హాస్టల్లో ఉన్న రోజుల్లో సెలవులిస్తే మాత్రం నువ్వు రాసే ఉత్తరాలు కవరులో పట్టేవి కావు. నీ నోరు నీ వేళ్ళల్లో ఉందని నాకు అప్పుడే తెలుసు. కాబట్టి ఇవాళ్టి నుంచి మళ్ళీ పాత పద్ధతే. ఫోను అవసరానికి, కాగితం నిజానికి.

సంగతికొస్తాను. నీ పరిశోధన కేంద్రంలో ఏడాది సెలవు పెట్టి, ఒక ఇనుప పుల్ల, ఒక డబ్బా తయారు చేశావు. పుల్లను పత్తిలో గుచ్చితే డబ్బా మీద దీపం వెలుగుతుంది, తేమ ఉంటే ఎరుపు, ఆరి ఉంటే ఆకుపచ్చ. రైతు పత్తిని మార్కెట్ యార్డుకు తీసుకుపోయే ముందే తేమ తెలుసుకుంటే, తేమ పేరు చెప్పి ధర తగ్గించేవాళ్ళ చేతిలో మోసపోడని నీ ఆశ. బాగుంది. అయితే జనవరి ఆఖరుకు నీ సెలవు అయిపోతుంది. అప్పటికి ఈ పుల్ల ఎవరికి పనికొస్తుందో తేలకపోతే నువ్వు మళ్ళీ ల్యాబులో కూర్చుంటావు, పుల్ల బీరువాలో కూర్చుంటుంది. ఇద్దరికీ దుమ్ము పడుతుంది.

నేనిక్కడ వారానికి రెండు రోజులు జనానికి నేర్పుతున్నది సరిగ్గా ఇదే. లీన్ స్టార్టప్ అంటారు. వస్తువును పూర్తిగా తయారు చేసి సంతకు పోవడం కాదు. ఉన్నంతలో చిన్నగా చేసి, జనం చేతిలో పెట్టి, వాళ్ళు ఏం చేస్తారో చూసి, దాన్నిబట్టి మార్చుకోవడం. నా తరగతిలో శ్యాంసుందర్ సార్ అని మందమర్రి ఆయన ఉన్నాడు, కెమిస్ట్రీ లెక్చరర్. ఈ పద్ధతికి ఆయన 'బక్క వ్యాపారం' అని పేరు పెట్టాడు. తాను మాత్రం బక్కగా మొదలుపెట్టలేదు. కుంకుడుకాయలతో గిన్నెలు తోమే ద్రావకం చేస్తాడట. ఇంతవరకు ఒక్క సీసా ఎవరికీ ఇవ్వలేదు గానీ రేకు బోర్డు మీద కంపెనీ పేరు మాత్రం రాయించాడు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

నీకు ఇంటిపని ఇస్తున్నాను. పత్తి ఏరే కాలం వస్తోంది కదా, మీ ఊరివైపు పో. ఇళ్ళకు పోయి అడుగు. 'కొంటారా' అని మాత్రం అడగకు. రేపటి సంగతి అడిగితే లోకంలో అందరూ దాతలే. 'పోయినసారి పత్తి తడిసినప్పుడు ఏం చేసిండ్రు?' అని అడుగు. మనిషి చేస్తానన్నది గాలిమాట, చేసింది గట్టిమాట. ఇంతే నా పాఠం, మిగతాదంతా ప్రొజెక్టరు.

నన్ను తోడు రమ్మని మాత్రం అడగొద్దు. పోయినేడు డిసెంబరులో మీ ఆదిలాబాద్ వచ్చి, ఆ చలికి సాయంత్రం బస్సుకే పారిపోయి వచ్చాను. అమ్మీ కుట్టిన రజాయి లేనిదే నాకు ఎక్కడా కన్ను మూతపడదు. దాన్ని మోసుకుని ఊళ్ళు తిరగడానికి నేనేం బొంతలమ్మేదాన్ని కాదు.

ఊఁ, సరే, చూద్దాం అని జవాబు రాశావో, చింపేస్తాను.

నీ
తహసీన్


ఖానాపూర్,
అక్టోబరు 23.

తహసీన్ టీచరమ్మకు,

ఇంటిపని పూర్తి. నూటికి నూరు వేసుకో.

మా ఇంటికి వచ్చేశాను. అవ్వ సంతోషించింది, బాపు అంతకంటే ఎక్కువ సంతోషించాడు. రిటైరైనప్పటి నుంచి ఆయనకు ఎవరికీ పాఠం చెప్పే అవకాశం దొరకలేదు. నేను ఊళ్ళు తిరగాలనగానే బండి తుడిచి, తెల్ల చొక్కా వేసుకుని తయారయ్యాడు. ఆయన వెనక కూర్చుని చుట్టుపక్కల పల్లెలన్నీ తిరిగాను. ఎక్కడికి పోయినా మర్యాదే మర్యాద. హనుమండ్లు సారు బిడ్డ వచ్చిందని మంచం వాల్చడం, చాయ్ పెట్టడం. రోజుకు ఎన్ని చాయ్‌లు తాగానో లెక్కలేదు, కడుపంతా మంట.

నువ్వు చెప్పినట్టే అడగాలనుకున్నాను. నేను నోరు తెరిచేలోపే బాపు డబ్బా తీసి చూపించి, "మా పిల్ల చేసింది. మంచిగున్నదా, లేదా?" అని అడిగేవాడు. అందరూ, "మంచిగున్నది సార్!" అనేవారు. బాలలక్ష్మి అత్తమ్మ అయితే, "గిసుంటిది ముందే ఉంటే మేము గింత పరేషాన్ అయ్యేటోళ్ళమా బిడ్డా?" అంది. భూమన్న మామ తనకు రెండు కావాలన్నాడు. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి తహసీనూ. ఇన్ని నెలలు ఒక్కదాన్నే కూర్చుని చేసిన పుల్లను ఇంతమంది మెచ్చుకుంటారని అనుకోలేదు.

ఒక్కచోట మాత్రం అపశకునం. రామవ్వ అని జైనూర్ వైపు నుంచి ఈ ఊరికి కోడలుగా వచ్చినామె ఉంది. పుల్లను అటూ ఇటూ తిప్పి చూసి, "యార్డుల వాళ్ళ మిషిన్ మాటనే చెల్తది సారూ. గీ పుల్ల మాట ఎవ్వడింటడు? గిదేం పనికొస్తది?" అనేసింది. బాపు మొహం మాడిపోయింది. బయటికొచ్చాక, "గామె నా దగ్గర సదువుకోలే. గందుకే గట్ల మాట్లాడుతది" అన్నాడు.

అందరూ మెచ్చారు, ఒక్కరు మెచ్చలేదు. ఇది చాలా మంచి ఫలితం. ఇక వెయ్యి పుల్లలు ఒకేసారి చేయించే సంగతి ఆలోచించాలి. ఏమంటావు?

నువ్వు చలికి భయపడి రాలేదు గానీ, వచ్చి ఉంటే ఇక్కడ అందరూ నిన్ను నెత్తిన పెట్టుకునేవారు. నాకంటే బాగా మాట్లాడతావు కదా. అదేదో మాటవరసకు అన్నాను, రమ్మని కాదు.

నీ
నవత


కరీంనగర్,
నవంబరు 2.

నవతా,

నీ ఉత్తరం చదివి నవ్వి నవ్వి, తాగుతున్న చాయ్ దుపట్టా మీద పోసుకున్నాను. అమ్మీ ఏమైందని అడిగితే చదివి వినిపించాను. ఆమె కూడా నవ్వింది. నీకు సున్నా మార్కులు. మీ బాపుకు మాత్రం నూటికి నూరు.

పిచ్చిదానా, వాళ్ళు మెచ్చింది నీ పుల్లను కాదు, హనుమండ్లు సారును. ఆ ఊళ్ళల్లో సగం మంది ఆయన దగ్గర బెత్తం దెబ్బలు తిన్నవాళ్ళే కదా! తెల్ల చొక్కా వేసుకుని ఆయన ఎదురుగా నిలబడి 'మంచిగున్నదా, లేదా' అంటే 'లేదు సార్' అనే మొనగాడు ఎవడు? నువ్వు చేసింది సర్వే కాదు, హాజరు. అందరూ 'ప్రెజెంట్ సార్' అన్నారు.

పైగా చాయ్ తాగి అడిగావు. ఇంటికొచ్చి చాయ్ తాగిన మనిషిని మన దగ్గర ఎవరైనా మొహం మీద కాదంటారా? నాకు ఈ తరగతిలో పాఠాలు చెప్పడానికి ఇచ్చిన పుస్తకాల్లో ఎక్కడా లేని సంగతి ఇది. రేపే నా విద్యార్థులకు కొత్త సూత్రం చెబుతాను. అడగాల్సింది ఏదైనా ఉంటే చాయ్ రాకముందే అడగాలి. చాయ్ వచ్చాక వినిపించేదంతా మర్యాద.

మా అబ్బా సంగతి నీకు తెలుసు కదా. టవర్ సర్కిల్ దగ్గర ఇన్నేళ్ళుగా బట్టలు అమ్ముతున్నాడు. నీ ఉత్తరం సంగతి చెబితే ఆయన ఒక్కటే మాట అన్నాడు. "బాగున్నది బాగున్నది అన్నోడు మెట్లు దిగి పోతడు బేటీ. రంగు మంచిగ లేదు, అంచు మంచిగ లేదు అని వంకలు పెట్టేటోడే కొనేటోడు."

కాబట్టి వెయ్యి పుల్లల ఆలోచన కట్టిపెట్టు. నీ దగ్గర చేసి ఉన్నవి కొన్ని ఉన్నాయిగా, వాటిని ఇంటికొకటి ఇచ్చి రా. ఎలా వాడాలో ఒక్కసారి చూపించు, తర్వాత ఆ ఇళ్ళవైపు పోకు. నెల దాటాక పోయి, ఏం చేశారో చూడు. ఏమన్నారో వినకు, చూడు. బాపును ఇంట్లో వదిలిపెట్టు. ఆయన అలిగితే నేను ఫోను చేసి బుజ్జగిస్తాను. ఆ రామవ్వకు కూడా ఒకటి ఇవ్వు.

శ్యాంసుందర్ సారును నిన్న తరగతిలో లేపి, సీసా ఎవరికైనా ఇచ్చారా అని అడిగాను. "బోర్డుకు ఇంకొక కోటింగ్ వెయ్యాలె మేడమ్" అన్నాడు. నీకూ ఆయనకూ నేను ఏ జన్మలోనో బాకీ పడి ఉంటాను.

నీ
తహసీన్


ఖానాపూర్,
డిసెంబరు 6.

తహసీనూ,

ఈసారి నవ్వితే నవ్వు, నాకు మాత్రం నవ్వు రావడం లేదు.

నువ్వు చెప్పినట్టే చేశాను. ఇన్నాళ్ళు ఆగి నిన్నటి నుంచి ఒక్కదాన్నే ఇళ్ళకు పోతున్నాను. మొదట బాలలక్ష్మి అత్తమ్మ ఇల్లు. పుల్ల ఏదని అడిగితే చేయి పట్టుకుని దేవుడి గూటి దగ్గరికి తీసుకుపోయింది. అక్కడ, లక్ష్మీదేవి పటం పక్కన, నా డబ్బాకు పసుపు రాసి, బొట్టు పెట్టి, పైన పత్తి దండ వేసి కూర్చోబెట్టింది. పుల్లకు కూడా బొట్టు ఉంది. "ఇంటికి కొత్త వస్తువొస్తే బొట్టు పెట్టకుంటే ఎట్ల బిడ్డా?" అంది. వాడారా అని అడిగితే నాలుక కరుచుకుంది. "అమ్మో! సారు బిడ్డ వస్తువు. మేం ముట్టుకుంటే ఖరాబైతే ఎట్ల?"

భూమన్న మామ డబ్బాను మేకుకు వేలాడదీశాడు. ప్లాస్టిక్ కవరు కూడా తీయలేదు. దుమ్ము పడుతుందని భయమట. ఇంకొక ఇంట్లో పిల్లలు ముట్టకుండా ఇనుప పెట్టెలో పెట్టి తాళం వేశారు. ఆ తాళంచెవి ఉన్న మనిషి పెళ్ళికి పోయాడు. పోయిన ప్రతి ఇంట్లోనూ ఇంతే. ఎవరూ ఒక్కసారి కూడా మీట నొక్కలేదు. అందరూ మాత్రం మళ్ళీ, "శానా మంచిగున్నది బిడ్డా" అన్నారు. నేను మళ్ళీ చాయ్ తాగాను.

యార్డుకు తీసుకుపోలేదా అని ఒకాయనను గట్టిగా అడిగితే, తల దించుకుని రామవ్వ చెప్పిందే చెప్పాడు. అక్కడ వాళ్ళు కొలిచిందే కొలత, మన పుల్ల చూపించి ఎవరితో కొట్లాడతామని. ఆ ముక్క మొదటి రోజే చెప్పింది ఆమె ఒక్కతే. మేము ఆమెకు చదువు లేదనుకున్నాము.

రామవ్వ ఇంటికి ఇంకా పోలేదు. పోబుద్ధి కాలేదు. మెచ్చినవాళ్ళే దేవుడి గూట్లో పెడితే, మెచ్చని మనిషి పొయ్యిలో పెట్టి ఉంటుంది.

బాపుకు ఏమీ చెప్పలేదు. అవ్వ రోజూ, "సెలవు అయిపోతుంది గదా, నౌకరి ఎప్పుడెక్కుతవు బిడ్డా?" అని అడుగుతోంది. జనవరి రెండో వారంలోపు ఆ సంగతి కేంద్రానికి రాసి ఇవ్వాలి. పోతే పుల్ల కథ ముగిసినట్టే. పోకపోతే ఎందుకు పోలేదో నాకే తెలియదు. తేమ కొలవడం నాకు వచ్చు తహసీనూ, మనుషులను కొలవడం రాదు. నువ్వే గనక ఇక్కడ

ఏమీ లేదు. ఆ వాక్యం కొట్టివేయకుండా అలాగే వదిలేస్తున్నాను, కాగితం పాడవుతుందని.

నవత


కరీంనగర్,
డిసెంబరు 11.

నవతా,

ఒట్టు, నవ్వలేదు. పత్తి దండ దగ్గర మాత్రం కొంచెం.

ఇప్పుడు రామవ్వ ఇంటికి పో. చెప్పులు వేసుకుని, ఈ ఉత్తరం ఇంకా చేతిలో ఉండగానే పో. బొట్టు పెట్టిన ఇళ్ళన్నీ చూసి, వంక పెట్టిన ఒక్క ఇల్లు వదిలేసి వచ్చి ఏడుస్తావా? అబ్బా మాట మరిచిపోయావా? పొయ్యిలో పెట్టి ఉంటే కనీసం మీ ఊరు మొత్తం మీద నీ పుల్లను వాడిన మొదటి మనిషి ఆమే అవుతుంది.

నీ ఆగిపోయిన వాక్యం చూశాను. చాలాసేపు చూశాను. దాన్ని పూర్తి చేసి పంపే ధైర్యం నీకు ఎప్పుడొస్తుందో చూద్దాం. నాకూ ఇక్కడ ఒక సంగతి ఉంది, తీరికగా రాస్తాను. ముందు రామవ్వ.

తహసీన్


ఖానాపూర్,
డిసెంబరు 17.

తహసీన్, తహసీన్, తహసీన్!

రామవ్వ పుల్ల ఇవ్వనంటోంది!

మొదటి నుంచి చెబుతాను. పోయేసరికి ఆమె వాకిట్లో పత్తి మూట విప్పుతోంది. నన్ను చూసి మంచం వాల్చలేదు, చాయ్ సంగతి ఎత్తలేదు. "నీ పుల్ల జరంత పొట్టిగున్నదమ్మా" అంది, ముందు అదే మాట. చూద్దును కదా, నా పుల్లను మనిషెత్తు కట్టెకు పాత చీరపేలికతో కట్టి, డబ్బాను కట్టె మధ్యలో బిగించింది. నేను జానెడు పొడుగు చేశాను. ఆమె కుప్ప కడుపులోకి పోయేంత పొడుగు చేసుకుంది.

వాళ్ళకు ఉన్నవి రెండు గదులు. ఒక గది నిండా పత్తి కుప్ప. చలికి దాని పక్కనే పిల్లలతో పడుకుంటారు. "తడి మూట పడితే కుప్ప లోపల్లోపల ఉడుకుతది. పిల్లలకు ఒళ్ళంత దురద. పోయినేడు రాత్రి నిద్ర లేదు" అంది. పోయినేడు ఏం చేశారని అడిగాను, నీ పాఠం గుర్తొచ్చి. "ఏం జేస్తం? కుప్పంత తీసి వాకిట్ల ఎండపోసి మల్ల లోపట పోసుడు. నడుము ఇరిగింది" అంది. ఈసారి కుప్పలోనూ, ఏరిన ప్రతి మూటలోనూ పుల్ల గుచ్చుతోంది. ఎరుపు వచ్చిన మూట వాకిట్లో ఎండకు, ఆకుపచ్చ వచ్చినది గదిలోకి. దురద చాలావరకు పోయిందట. అది నా పుల్ల వల్లనేనని నేను ఇంకా రుజువు చేయలేదు. సైంటిస్టును కదా, తొందరపడను. కానీ వాకిట్లో నిలబడి ఏడ్చాను, అది మాత్రం తొందరపడే.

పుల్ల ఇవ్వు, పొడుగ్గా చేసి తెస్తానంటే వెనక దాచుకుంది. "పత్తి ఏరుడు అయినంక ఇస్త. గప్పటిదాంక ఇయ్య." అంతలో పక్కింటామె గోడ మీది నుంచి, "అక్కా, పుల్ల ఇస్తవా? మా మూటలు ఉన్నయి" అని అరిచింది. రోజూ పొద్దున్నే ఆ వాడకట్టంతా పుల్ల కోసం వస్తారట.

నేను యార్డుకు చేశాను, అది ఇంటికి పనికొచ్చింది. మగవాళ్ళ కోసమనుకున్నాను, ఆడవాళ్ళు వాడుకున్నారు. మంచిగున్నది అన్నవాళ్ళు పూజ చేశారు, ఏం పనికొస్తది అన్నామె తిరిగివ్వడం లేదు. నా బుర్ర గిర్రున తిరుగుతోంది. వెయ్యి పుల్లలు చేయించలేదు, నీ పుణ్యం. చేయించి ఉంటే వెయ్యీ పొట్టివే అయ్యేవి.

బాపుకు మొత్తం చెప్పాను. బండి తుడుస్తున్న గుడ్డ పక్కన పెట్టి, "అయితే గామెకే నూటికి నూరు" అన్నాడు. మర్నాడు ఆయనే పోయి రామవ్వకు మంచి వెదురు కట్టె ఇచ్చి వచ్చాడు.

నీ సంగతి ఏదో ఉందన్నావు, రాయి.

నీ
నవత


ఖానాపూర్,
డిసెంబరు 22.

తహసీన్‌కు,

ఇవాళ మీ తమ్ముడు మోయిజ్ ఇక్కడి బట్టల దుకాణానికి సరుకు దించడానికి వచ్చి, మా ఇంటికి కూడా వచ్చాడు. "నవతక్కా, ఆపా హైదరాబాద్ పోతుంది గదా, పెద్ద ట్రైనింగ్ సెంటర్ల హెడ్డుగ. మీకు చెప్పలేదా?" అన్నాడు. చెప్పిందని అబద్ధమాడాను. తమ్ముడి ముందు నీ పరువు తీయడం ఎందుకని.

చాలా మంచి అవకాశం. నాకు చాలా సంతోషంగా ఉంది. నువ్వు దానికి అన్నివిధాలా తగినదానివి. శుభాకాంక్షలు.

అవ్వ నిన్ను అడిగినట్టు చెప్పమంది.

నవత


కరీంనగర్,
డిసెంబరు 27.

ఏమే,

నాకు చాయ్ పోశావు కదా!

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. చాలా మంచి అవకాశం, చాలా సంతోషం, శుభాకాంక్షలు. అచ్చం బాలలక్ష్మి అత్తమ్మే. నాకు పసుపు రాసి, బొట్టు పెట్టి, దండ వేసి గూట్లో కూర్చోబెట్టావు. కవరులో కాస్త కుంకుమ కూడా పెట్టాల్సింది. నాతో ఎప్పుడైనా ఇంత మర్యాదగా మాట్లాడావా నువ్వు? హాస్టల్లో నా సబ్బు అరగదీసి, తప్పు సబ్బుదే అన్నదానివి!

నిజం రాస్తున్నాను. ఆ ఉద్యోగం మాట నవంబరులో వచ్చింది. నేను ఇంకా అవుననలేదు, కాదనలేదు. జనవరి పదిలోపు చెప్పాలి. నీకెందుకు చెప్పలేదంటే, చెబితే నువ్వు 'సరే' అంటావని భయం. నీ 'సరే' వింటే నేను పోవలసి వస్తుంది.

నీ మీద నాకు కోపంగా ఉంది నవతా. మీ చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగి, గడప గడపకూ పోయి అడిగావు. భూమన్నను అడిగావు, తాళంచెవిని పెళ్ళికి పంపిన వాళ్ళను అడిగావు, పొయ్యిలో పెడుతుందనుకున్న రామవ్వను కూడా అడిగావు. నన్ను మాత్రం ఒక్క మాట అడగలేదు. 'రమ్మని కాదు' అని ఒకసారి రాశావు. 'నువ్వే గనక ఇక్కడ' అని ఇంకోసారి రాసి నోరు మూసుకున్నావు. చలి అని, రజాయి అని నేను వంకలు పెట్టాను కదే! వంకలు పెట్టేది ఎవరో మా అబ్బా ఎప్పుడో చెప్పాడు కదా.

నాకు చాయ్ వద్దు. అడగాల్సింది అడుగు.

తహసీన్


ఆదిలాబాద్,
జనవరి 3.

తహసీనూ,

చాయ్ పెట్టడం లేదు. స్టవ్ కూడా లేదు ఇక్కడ. ఆదిలాబాద్‌లో ఒక గది అద్దెకు తీసుకున్నాను, ముందువైపు పుల్లలు చేసుకోవడానికి, వెనకవైపు ఉండడానికి. కిటికీకి ఒక రెక్క సరిగా పడదు. ముందే చెబుతున్నాను.

నిన్ను ఎందుకు అడగలేదో చెప్పనా? నువ్వు నన్ను కాదనవు. హాస్టల్లో నాకు జ్వరమొస్తే పరీక్ష వదిలేసి కూర్చున్నదానివి. నేను అడిగితే మొహమాటానికైనా వచ్చేస్తావు. వచ్చి, నాతోపాటు ఈ గదిలో, ఆ గూట్లో డబ్బా లాగా కూర్చుంటావు, బొట్టు పెట్టించుకుని, ఎందుకొచ్చానో తెలియకుండా. నాకు అది వద్దనిపించింది. అదీ భయం.

నీ పాఠం ప్రకారం నువ్వు వస్తావా అని అడగడం తప్పు ప్రశ్న. అందుకే ముందు నేను చేసింది రాస్తాను. నిన్న కేంద్రానికి పోయి రాజీనామా ఇచ్చి వచ్చాను. నువ్వు వచ్చినా, రాకపోయినా వెనక్కి తీసుకోను. అవ్వ సాయంత్రం తిట్టింది, రాత్రి మాత్రం జొన్న రొట్టెలు చేసి మూట కట్టింది. పొడుగు పుల్లలు చేయడం మొదలైంది. రామవ్వ చుట్టాలు జైనూర్ వైపు రమ్మంటున్నారు. కొత్త పుల్లలు వాడేవాళ్ళ ఇళ్ళకు పోయి కూర్చుని, వాళ్ళు చెప్పనిది వినే మనిషి కావాలి. అది నాకు రాదు. ఇన్ని నెలలు తిరిగినా రాలేదు.

ఇక ఆ వాక్యం. నువ్వే గనక ఇక్కడ ఉంటే నాకు భయం వేయదు. నాతో కలిసి ఈ పని చెయ్యి. నాకు నువ్వు కావాలి. ఎవరో బాగా మాట్లాడేవాళ్ళు కాదు, నువ్వు.

అడిగేశాను. ఈసారి మధ్యలో ఆపలేదు.

ఒక్క మాట. వస్తానని మాత్రం రాయకు. పత్తి కాలమంతా నేను మంచిగున్నది, మంచిగున్నది అనే మాట వింటూనే ఉన్నాను. ఇంకొకటి వినే ఓపిక లేదు. హైదరాబాద్ పోవాలనిపిస్తే పో. నిజంగా పో. నేను అలగను. కొంచెం అలుగుతాను.

నీ
నవత


కరీంనగర్,
జనవరి 9.

నవతా,

వస్తానని రాయడం లేదు. రాయొద్దన్నావు కదా. నీ మాట ఎప్పుడైనా కాదన్నానా?

తరగతి ఈ శనివారంతో ముగిసింది. శ్యాంసుందర్ సార్ మొత్తానికి పక్కింటివాళ్ళకు ఒక సీసా ఇచ్చాడు. వాళ్ళు నురగ రావడం లేదని తిట్టి, మర్నాడు ఇంకొక సీసా అడిగి తీసుకుపోయారట. ఆయన మొహంలో ఆ వెలుగు నువ్వు చూడాల్సింది. బోర్డు విప్పి నా దగ్గరికి తెచ్చాడు. "ఇప్పుడే దీంతోని పని లేదు మేడమ్. ఎనక దిక్కు ఖాళీగనే ఉన్నది, మీరు ఏమన్న పెడితే రాయించుకోన్రి" అన్నాడు. వద్దన్నాను. ముందు బోర్డు రాయిస్తే నా విద్యార్థులు నవ్వుతారు.

హైదరాబాద్ వాళ్ళకు నిన్న ఫోను చేశాను. ఏం చెప్పానో రాయను. వాళ్ళు ఇంకొకరిని చూసుకుంటామన్నారు, అంతవరకే రాస్తాను. అబ్బా సాయంత్రం దుకాణం నుంచి వస్తూ మందపాటి కర్టెన్ గుడ్డ తెచ్చాడు. "కిటికీ రెక్క పడదన్నది గదా, గా పిల్ల" అన్నాడు. నీ ఉత్తరాలు ఈ ఇంట్లో నాకంటే ముందు అబ్బా, అమ్మీ చదువుతున్నారని ఇప్పుడు తెలిసింది. అమ్మీ మాత్రం ఒక కన్ను తుడుచుకుంటూ, "గంత చలిలోన? రెండు స్వెటర్లు పెట్టుకోయే" అని తిట్టింది.

ఈ ఉత్తరంతోపాటు ఆర్టీసీ బస్సులో ఒక పార్శిల్ వేశాను. ఆదిలాబాద్ బస్టాండుకు పోయి తీసుకో. పెద్దదే, ఆటో పెట్టుకో. లోపల అబ్బా ఇచ్చిన కర్టెన్ ఉంది, కిటికీకి కట్టు. దాని కింద అమ్మీ కుట్టిన నా రజాయి ఉంది.

ఇక్కడ ఇవాళ మబ్బుగా ఉంది. దారిలో వాన పడి మూట తడిసిందేమో. నీ పొడుగు పుల్ల గుచ్చి చూడు. ఎరుపు వస్తే ఎండకు వెయ్యి. ఆకుపచ్చ వస్తే మడతపెట్టి నా మంచం మీద పెట్టు. అది లేక ఇవాళ రాత్రి నాకు ఇక్కడ నిద్ర పట్టదు.

నీ
తహసీన్